రామలింగారెడ్డి గారి మూడు రాజీనామాలు



విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆవరణలో ఒక పెద్ద హాలు ఉంది. సర్ సి.ఆర్. రెడ్డి కాన్వొకేషన్ హాల్ అంటారు. ఏలూరులో ఆయన పేరుతోనే ఒక కళాశాల ఉంది. ఏలూరు వైపు వాళ్ళు దాన్ని పొడి అక్షరాలతో సీఆర్ఆర్ కాలేజీ అంటారు. ఆ కాలేజీలో చదువుకుని వచ్చిన ఒక కుర్రవాణ్ణి ఈ మధ్య రైల్లో కలిశాను. మాటల్లో మాటగా అడిగాను. "బాబూ, ఆ సి.ఆర్. అంటే ఏమిటి?" ఆ అబ్బాయి కాసేపు ఆలోచించాడు. "ఎవరో పెద్దమనిషండీ, స్థలం ఇచ్చినాయన అయి ఉంటాడు" అన్నాడు.

ఆ అబ్బాయిని తప్పుపట్టలేను. చెప్పవలసిన పెద్దవాళ్ళం మనం చెప్పలేదు. అందుకే ఈ పూట, ఈ కాసేపు, ఆ సి.ఆర్. గురించి చెప్పుకుందాం. సి అంటే కట్టమంచి. ఆర్ అంటే రామలింగం. కట్టమంచి రామలింగారెడ్డి గారు. ఆయన కవి, విమర్శకుడు. ముఖ్యంగా ఆయన పంతులు, శాసనసభ్యుడు. ఈ రెండు పనులూ ఒకే మనిషిలో ఎలా కలిశాయి? ఈవేళ నేను చెప్పదలచుకున్నది అదే.

ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. రామలింగారెడ్డి గారి జీవితంలో మూడు రాజీనామాలున్నాయి. ఒకటి ఉద్యోగానికి. రెండోది పార్టీకి. మూడోది విశ్వవిద్యాలయంలో అందరికంటే పెద్ద కుర్చీకి. ఉద్యోగం, పార్టీ, కుర్చీ. ఈ మూడింటినీ ఎందుకు వదిలారో, వదిలాక ఏం చేశారో చూద్దాం.

ముందు ఊరి సంగతి. చిత్తూరు పట్టణాన్ని ఆనుకుని కట్టమంచి ఉంది. ఇప్పుడైతే ఊరూ పట్టణమూ కలిసిపోయాయి. కట్టమంచి చెరువు అంటే చిత్తూరులో తెలియనివారుండరు. 1880 డిసెంబరు 10న రామలింగారెడ్డి గారు పుట్టింది ఆ చెరువున్న ఊరి కుటుంబంలోనే. తండ్రి సుబ్రహ్మణ్యరెడ్డి గారు వకీలు. అమ్మ నారాయణమ్మ గారు.

చెరువు మాట ఎందుకెత్తానంటే, ఆయన మొదటి కావ్యం ఒక చెరువుకట్ట మీద నడుస్తుంది. మదరాసు క్రైస్తవ కళాశాలలో చదువుకుంటున్న రోజులవి. 1899. అప్పటికి ఆయనకు పందొమ్మిదేళ్ళు నిండీ నిండని వయసు. కాలేజీలో తెలుగు కావ్యాలకు పోటీ పెట్టారు. ఆయన ఒక కావ్యం రాసి ఇచ్చారు. పేరు ముసలమ్మ మరణము. దానికే బహుమతి వచ్చింది.

ఈ ముసలమ్మ ఎవరో తెలియనివాళ్ళకు చెబుతాను. అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం ఉంది కదా. ఆ ఊరి చెరువు పెద్దది. ఒకసారి ఆగకుండా వాన కురిసింది. చెరువు నిండింది. కట్టకు గండి పడింది. మట్టి పోస్తే నిలవడం లేదు. రాళ్ళు వేస్తే నిలవడం లేదు. అప్పుడు ఒక మాట వినిపించిందట. బసిరెడ్డి చిన్న కోడలు ముసలమ్మను బలి ఇస్తే కట్ట నిలుస్తుందని. వినేవాళ్ళు ముసలమ్మ అంటే వయసు మళ్ళిన మనిషి అనుకుంటారు. కాదండీ. పేరు ముసలమ్మ. వయసులో పడుచు. ఆ అమ్మాయి ఇంట్లోవాళ్ళ దగ్గర సెలవు తీసుకుని, తన కాళ్ళతో తాను నడిచి, ఆ గండిలోకి దిగింది. అనంతపురం వైపు ఈ కథ ఇప్పటికీ చెప్పుకుంటారు. బ్రౌను దొరగారు అచ్చువేయించిన అనంతపుర చరిత్రలో ఈ కథ ఉంది. రామలింగారెడ్డి గారు దాన్ని తీసుకున్నారు.

ఆ రోజుల్లో కావ్యం అంటే రాజు ఉండాలి, రాణి ఉండాలి. పురాణంలోంచి ఒక దేవుడైనా దిగి రావాలి. కాలేజీ కుర్రవాడు వాళ్ళందరినీ పక్కన పెట్టి ఒక రైతు ఇంటి కోడలిని నాయికగా పెట్టాడు. అందుకే ఆధునిక తెలుగు కవిత్వానికి తొలి అడుగుల్లో ఇదొకటి అని సాహిత్య చరిత్ర రాసినవాళ్ళు చాలామంది చెబుతారు. నాకు మాత్రం ఇందులో ఇంకొకటి కనబడుతుంది. చెరువు ఊరందరిదీ. కట్ట తెగితే ఊరంతా పోతుంది. అందరిదీ అయిన దాన్ని ఎవరు కాపాడాలి? పందొమ్మిదేళ్ళకు ఆయనకు తట్టిన ప్రశ్న ఇది. తరవాత సభలోనూ, బడిలోనూ ఆయన ఈ ప్రశ్ననే పట్టుకుని తిరిగారని నా నమ్మకం.

సరే, ముందుకు వెళదాం. ప్రభుత్వం ఇచ్చిన ఉపకారవేతనంతో ఆయన 1902లో ఇంగ్లండు వెళ్ళారు. కేంబ్రిడ్జిలో, సెయింట్ జాన్స్ కళాశాలలో చరిత్ర చదివారు. మొదటి తరగతిలో నెగ్గారు. అక్కడ కేంబ్రిడ్జి యూనియన్ అని విద్యార్థుల చర్చావేదిక ఒకటి ఉంది. పేరుకు విద్యార్థి సంఘం. కాని ఇంగ్లండు పార్లమెంటులో గొంతు విప్పిన ఎందరో ముందు అక్కడ గొంతు సవరించుకున్నవాళ్ళే. ఆ యూనియన్‌కు రామలింగారెడ్డి గారు ఉపాధ్యక్షుడుగా ఎన్నికయ్యారు. ఆ పదవికి ఎన్నికైన మొదటి భారతీయుడు ఆయనే.

ఆ వేదిక దగ్గర ఒక క్షణం ఆగుదాం. అక్కడ ఒక తీర్మానం పెడతారు. ఒకడు లేచి సమర్థిస్తాడు. ఇంకొకడు లేచి ఖండిస్తాడు. గట్టిగా మాట్లాడుకుంటారు. చివర ఓట్లు లెక్కపెడతారు. ఓడినవాడూ గెలిచినవాడూ కలిసి బయటికి వస్తారు. వాదన వేరు, వైరం వేరు. వాదన వేరు, వైరం వేరు అని రెండుసార్లు చెబుతున్నాను. ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది.

తిరిగి వచ్చాక బరోడా కళాశాలలో పనిచేశారు. అరవింద ఘోష్ గారు వదిలివెళ్ళిన చోటికి వెళ్ళారు ఆయన. అక్కడ ఎక్కువ కాలం లేరు. అక్కడినుంచి మైసూరు. ఆయన పంతులుతనం పండింది మైసూరులోనే. మహారాజా కళాశాలలో ఆచార్యుడు. 1916 నుంచి 1918 వరకు అక్కడే ప్రిన్సిపాల్. ఆ తరవాత మైసూరు సంస్థానం మొత్తానికి విద్యాశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్.

మైసూరులో విశ్వవిద్యాలయం పెట్టాలనుకున్నప్పుడు, బయటి దేశాల్లో పెద్ద చదువులు ఎలా నడుస్తున్నాయో చూసి రమ్మని పంపిన ఇద్దరిలో ఒకరు థామస్ డెన్‌హామ్, రెండోవారు మన రామలింగారెడ్డి గారు. 1916లో మైసూరు విశ్వవిద్యాలయం మొదలైంది. ఒక సంస్థానంలో పుట్టిన మొదటి విశ్వవిద్యాలయం అది. ఒక విశ్వవిద్యాలయాన్ని నేల మీదినుంచి ఎలా లేపాలో, గోడలకంటే ముందు ఏం కావాలో, ఆయన అక్కడ చూసి నేర్చుకున్నారు. పదేళ్ళ తరవాత తెలుగువాళ్ళకు అది అక్కరకు వచ్చింది.

మైసూరులో ఆయన చేసిన ఇంకొక పని నాకు చాలా పెద్దదిగా కనిపిస్తుంది. అప్పట్లో పంచములని పిలిచిన కులాల పిల్లలకు చాలా బళ్ళలో చోటు లేదు. బడి ఉంటుంది. పలక ఉంటుంది. పంతులు ఉంటాడు. పిల్లవాడు మాత్రం గుమ్మం బయట ఉంటాడు. సర్కారు డబ్బుతో నడిచే బడి తలుపు సర్కారు ప్రజలందరికీ తెరిచి ఉండాలని ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా ఆయన పట్టుబట్టారు. ఎదురు తిరిగినవాళ్ళున్నారు. తమ పిల్లల్ని బడి మానిపిస్తామన్నవాళ్ళున్నారు. ఆయన వెనక్కి తగ్గలేదు. చెరువు ఊరందరిదీ అయినట్టే బడీ ఊరందరిదే.

ఇప్పుడు మొదటి రాజీనామా. 1921లో ఆయన ఆ మైసూరు ఉద్యోగం వదిలేశారు. చూడండి, అప్పటికి ఆయనకు నలభై ఏళ్ళు దాటాయి. విద్యాశాఖకు పెద్ద. మంచి జీతం, గౌరవం, మహారాజు దగ్గర మాట చెల్లుబాటు. పెళ్ళి చేసుకోలేదు కాబట్టి ఇంటి బరువు లేదు అనవచ్చు మీరు. అయినా చేతిలో ఉన్న అధికారాన్ని వదలడం బ్రహ్మచారికైనా తేలిక కాదు. ఆయన వదిలారు. ఎందుకు? రాజకీయాల్లోకి రావడానికి. మదరాసు శాసనమండలిలోకి రావడానికి.

ఆ శాసనమండలి సంగతి కొంచెం చెప్పాలి. లేకపోతే తరవాతి కథ అందదు. అప్పుడు మనకు ఆంధ్ర రాష్ట్రం లేదు. కోస్తా, రాయలసీమ జిల్లాలన్నీ మదరాసు రాజధానిలో ఉండేవి. 1919 సంస్కరణల తరవాత మదరాసులో ఎన్నికైన మంత్రులు వచ్చారు. కాని అధికారాన్ని రెండు ముక్కలు చేశారు. పోలీసు, ఖజానా, భూమిశిస్తు లాంటివి గవర్నరు చేతిలో. చదువు, స్థానిక సంస్థలు, ఆబ్కారీ లాంటివి మంత్రుల చేతిలో. అంటే బడి కట్టే పని మంత్రిది. దానికి డబ్బిచ్చే పెట్టె తాళం మాత్రం ఇంకొకరి మొలలో. ఓటు కూడా అందరికీ లేదు. ఆస్తో పన్నో ఉన్నవాళ్ళకే. మండలిలో ఎన్నికైనవాళ్ళతోపాటు ప్రభుత్వం నియమించినవాళ్ళూ ఉండేవారు. వాళ్ళకూ ఓటుంది. ఈ చివరి మాట గుర్తుంచుకోండి. నియమించినవాళ్ళకూ ఓటుంది.

మదరాసులో అప్పుడు గద్దె మీద ఉన్నది జస్టిస్ పార్టీ. బ్రాహ్మణేతరులకు చదువుల్లో, ఉద్యోగాల్లో న్యాయం జరగాలని పుట్టిన పార్టీ. పానగల్ రాజావారు ముఖ్యమంత్రి. రామలింగారెడ్డి గారు ఆ పార్టీలోనే ఉన్నారు. ఆ ఆశయాన్ని నమ్మే చేరారు. కాని కొద్దికాలానికే ఆయనకు మనసు కుదరలేదు. ఆశయం పేరు చెప్పి పదవులు కొందరి చేతుల్లోనే తిరుగుతున్నాయని, మంత్రులు సభకు జవాబుదారీగా లేరని పార్టీలోనే చాలామందికి అసంతృప్తి. ఆ అసంతృప్తికి గొంతు ఈయన అయ్యారు. పార్టీ నుంచి బయటికి వచ్చేశారు. ఇది రెండో రాజీనామా. మొదటిది ఉద్యోగానికి. రెండోది పార్టీకి.

బయటికి వచ్చి ఊరుకోలేదు. 1923 చివర మళ్ళీ ఎన్నికలు జరిగాయి. జస్టిస్ పార్టీ బలం తగ్గింది, అయినా పానగల్ రాజావారే మళ్ళీ మంత్రివర్గం ఏర్పాటు చేశారు. కొత్త సభ కూర్చుంది. నవంబరు నెలాఖరు. రామలింగారెడ్డి గారు లేచి నిలబడ్డారు. ఈ మంత్రివర్గం మీద సభకు విశ్వాసం లేదు అని తీర్మానం పెట్టారు.

ఇవాళ అవిశ్వాస తీర్మానం అంటే మనకు కొత్త కాదు. టీవీలో చూస్తాం. పత్రికల్లో చదువుతాం. కాని ఆ రోజున మన దేశంలో ఏ శాసనసభా అటువంటిది చూసి ఎరగదు. మన దేశంలో మొట్టమొదటి అవిశ్వాస తీర్మానం ఇదేనని చరిత్ర రాసినవాళ్ళు చెబుతారు. దాన్ని పెట్టింది ఒక తెలుగు పంతులు.

రెండు రోజులు చర్చ నడిచింది. చివరికి ఓట్లు లెక్కపెట్టారు. తీర్మానానికి అనుకూలంగా 44. వ్యతిరేకంగా 65. తీర్మానం ఓడిపోయింది. మంత్రివర్గం నిలబడింది. నేను ఇందాక గుర్తుంచుకోమన్న మాట ఇప్పుడు తీయండి. నియమించిన సభ్యుల ఓట్లు మంత్రివర్గం వైపు పడ్డాయి. అయినా ఓటమి ఓటమే. రామలింగారెడ్డి గారు ఓడిపోయారు.

ఓడిపోయారు కాని ఒక కొత్త మాట ఆ సభకు తెలిసింది. మంత్రి గవర్నరుకు మాత్రమే కాదు, సభకు కూడా జవాబు చెప్పాలి. సభ అడగవచ్చు. సభ దిగిపొమ్మనవచ్చు. తెల్లవాళ్ళు మనకు అరకొరగా ఇచ్చిన మండలిలో, ఇది నిజమైన శాసనసభ అయితే ఎలా నడవాలో ఆ రెండు రోజులూ చేసి చూపించారు. పంతులు బల్లమీద ప్రయోగం చేసి చూపించినట్టు అన్నమాట.

ఇక్కడినుంచి కథ ఇంకా బాగుంటుంది. ఆ మంత్రివర్గంలో విద్యామంత్రి ఎవరు? ఎ.పి. పాత్రో గారు. అన్నెపు పరశురామదాసు పాత్రో. గంజాం జిల్లా బరంపురం వైపువారు. రామలింగారెడ్డి గారు కూల్చాలని చూసిన మంత్రివర్గంలో పెద్ద మంత్రి. మరి తెలుగువాళ్ళకు ప్రత్యేకంగా ఒక విశ్వవిద్యాలయం కావాలన్న బిల్లును 1925లో సభకు తెచ్చింది ఎవరు? ఆ పాత్రో గారే. బిల్లు చట్టమై, 1926 ఏప్రిల్ 26న ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టినప్పుడు దానికి మొదటి వైస్ చాన్సలర్ ఎవరు? రామలింగారెడ్డి గారు!

మరోసారి చెబుతాను. మూడేళ్ళ కిందట మీరు గద్దె దిగండి అని ఎవరన్నారో ఆయన చేతిలోనే, ఆ గద్దె మీదివాళ్ళ హయాములో పుట్టిన బిడ్డను పెట్టారు. ఇది ఆయన గొప్పతనం ఒక్కటే కాదు. ఎదుటివాళ్ళ గొప్పతనం కూడా. వాదన వేరు, వైరం వేరు అని నేను రెండుసార్లు అన్నది ఇందుకే. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు నిండుతుంది.

విశ్వవిద్యాలయం పుట్టింది సరే, ఎక్కడ ఉండాలి? అక్కడ మొదలైంది గొడవ. బెజవాడలో ఉండాలన్నారు కొందరు. రాజమండ్రి అన్నారు కొందరు. రాయలసీమవారు అనంతపురం అన్నారు. విశాఖవారు వాల్తేరు అన్నారు. ఎవరి ఊరు వారికి ముద్దు, ఎవరి వాదన వారికి గట్టి. విశ్వవిద్యాలయం ముందు బెజవాడలో మొదలై, 1930కల్లా వాల్తేరు చేరింది. సముద్రం పక్క మెట్ట మీద. వైస్ చాన్సలరేమో చిత్తూరు వాడు. సీమ మనిషి వచ్చి ఉత్తర సర్కారుల్లో తెలుగువాళ్ళందరి బడికీ పునాది వేశాడు.

పునాది అంటే రాళ్ళూ సున్నమే కాదు. ఆ విశ్వవిద్యాలయానికి ఒక చిహ్నం కావాలి. బందరు చిత్రకారుడు కౌతా రామమోహనశాస్త్రి గారి చేత వేయించారు. ఉదయించే సూర్యుడు, పద్మం. కింద ఉపనిషత్తు నుంచి తీసిన ఒక చిన్న వాక్యం. మన ఇద్దరి చదువూ వెలుగు నింపుకోవాలని గురువూ శిష్యుడూ కలిసి కోరుకునే వాక్యం అది. గురువు ఒక్కడే కాదు, శిష్యుడు ఒక్కడే కాదు, ఇద్దరూ. తెలుగులో దానికి ఆంధ్ర విశ్వకళాపరిషత్తు అని పేరు. ఎంత అందమైన పేరు! ఇప్పుడు ఏయూ అని రెండు అక్షరాలకు కుదించేశాం. వీలైతే ఒక్కసారి నోరారా పూర్తిగా అనండి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు.

ఇప్పుడు మూడో రాజీనామా.

1930వ సంవత్సరం. గాంధీగారు దండికి నడిచారు. మన కోస్తా అంతా ఉప్పు వండింది. సముద్రపు ఒడ్డున కుండలు పెట్టి, ఉప్పునీళ్ళు కాచి, పిడికెడు ఉప్పు తీసి, ఇది మాది అన్నారు జనం. లాఠీలు విరిగాయి. బందరులో, కోనేరు సెంటరులో, తోట నరసయ్యనాయుడు గారు జెండా ఎగరేయబోయారు. పోలీసులు కొట్టారు. దిగమన్నారు. దిగలేదు. స్పృహ తప్పి పడిపోయేదాకా కొట్టారు. చదువుకునే పిల్లలు జైళ్ళకు వెళ్ళారు.

ఒక విశ్వవిద్యాలయానికి పెద్ద అయిన మనిషి ఆ సమయంలో ఏం చెయ్యాలి? నాకు రాజకీయాలతో సంబంధం లేదు, నా భవనాలు నేను కట్టుకుంటాను అనవచ్చు. చాలామంది అన్నారు కూడా. వాల్తేరులో గోడలు లేస్తున్నాయి. ఇప్పుడు వదిలి వెళితే పని ఏమవుతుందో అన్న బెంగ ఎవరికైనా ఉంటుంది. ఆయనకూ ఉండే ఉంటుంది. అయినా సర్కారు సాగిస్తున్న అణచివేతకు నిరసనగా ఆయన వైస్ చాన్సలర్ పదవికి రాజీనామా ఇచ్చారు. ఉద్యోగం, పార్టీ, ఇప్పుడు కుర్చీ.

1931లో ఆ కుర్చీలోకి సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు వచ్చారు. వీళ్ళిద్దరూ ఒకరికొకరు కొత్త కాదు. మైసూరు మహారాజా కళాశాలలో రాధాకృష్ణన్ గారు కూడా పనిచేశారు. ఆయన అయిదేళ్ళు వాల్తేరును పెంచారు. జయపురం మహారాజా విక్రమదేవవర్మ గారు ఏటా లక్ష రూపాయలు ఇచ్చి సైన్సు కళాశాలను నిలబెట్టారు. ఆ రోజుల్లో లక్ష అంటే ఆలోచించండి.

1936లో రాధాకృష్ణన్ గారు ఆక్స్‌ఫర్డు వెళ్ళారు. అప్పుడు కుర్చీ మళ్ళీ ఖాళీ. మళ్ళీ ఎవరిని పిలిచారు? కోపంగా వదిలి వెళ్ళిన మనిషినే. ఆయన వచ్చారు. అలిగి ఇంట్లో కూర్చోలేదు. పాత పగ తీయలేదు. ఇంకొకరు వేసిన ఇటుక మీద తన ఇటుక పేర్చారు. ఆ పేర్చడం పదమూడేళ్ళు సాగింది. 1949 వరకు.

ఆ పదమూడేళ్ళలో కష్టమైన రోజులు యుద్ధం రోజులు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద జపాను విమానాలు బాంబులు వేశాయి. ఊరు ఖాళీ అయింది. బండ్ల మీద, రైళ్ళ మీద జనం లోపలి పల్లెలకు తరలిపోయారు. విశ్వవిద్యాలయం భవనాలు సైన్యానికి వెళ్ళాయి. విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలింది. పుస్తకాలూ పరికరాలూ పంతుళ్ళూ పిల్లలూ అందరూ. సైన్సు పరికరాన్ని ఒక ఊరినుంచి ఇంకో ఊరికి మోయడమంటే ఏమిటో ప్రయోగశాలలో పనిచేసినవాళ్ళకు తెలుస్తుంది. 1946లో మళ్ళీ వాల్తేరు చేరేదాకా చదువు గుంటూరులో సాగింది. ఊరు మారినా పాఠం తెగలేదు.

ఇక్కడ మీకు ఒక సంగతి దాచకుండా చెప్పాలి. 1930లో సర్కారు మీద నిరసనగా కుర్చీ వదిలిన మనిషే 1942లో ఆ సర్కారు ఇచ్చిన సర్ బిరుదు తీసుకున్నారు. అది క్విట్ ఇండియా సంవత్సరం. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు కష్టంగా ఉంటుంది. ఆయన యుద్ధంలో ఇంగ్లండు వైపు నిలబడ్డారు. ఫాసిస్టులు గెలిస్తే లోకానికే చీకటి అనుకున్నవాళ్ళు అప్పుడు చాలామంది ఉన్నారు. అయినా ఆ బిరుదు తీసుకోకుండా ఉంటే బాగుండేదని నాకు అనిపిస్తుంది. ఇంత చేసిన మనిషిని ప్రేమిస్తున్నవాడిగానే ఈ మాట అంటున్నాను.

ఆయన తెలుగు గురించి చెప్పకపోతే ఈ ప్రసంగం సగమే. 1914లో కవిత్వతత్త్వ విచారము అని ఒక పుస్తకం వేశారు. పింగళి సూరన కళాపూర్ణోదయాన్ని తీసుకుని, కవిత్వం అంటే ఏమిటి అని అడిగారు. అంతకుముందు మనవాళ్ళు కవిని పొగిడేవారు, లేదా వ్యాకరణంలో తప్పు పట్టేవారు. ఈయన ఇంకో దారి తొక్కారు. కథ నడిచిందా? పాత్రలు మనుషుల్లా ఉన్నాయా? కవి ఊహ కొత్తదా, ఎరువు తెచ్చుకున్నదా? పేజీల కొద్దీ సాగే వర్ణనలు కథకు పనికొచ్చాయా? పెద్దవాళ్ళకు కోపం వచ్చింది. మహాకవుల్ని ఇలా నిలదీస్తావా అన్నారు. ఆయన ఉద్దేశం ఒకటే. గౌరవించాలంటే ముందు చదవాలి. చదివితే ప్రశ్నించకుండా ఉండలేం.

గమనించారా? సభలో మంత్రులను అడిగిన ప్రశ్నా, పుస్తకంలో కవులను అడిగిన ప్రశ్నా ఒకటే. నువ్వు చేసిన పనికి కారణం చెప్పు. నా కంటికి అదే ఆయన స్వభావం. ఆయన అర్థశాస్త్రం మీద కూడా తెలుగులో పుస్తకం రాశారు. డబ్బూ ధరా పన్నూ తెలుగువాడు తెలుగులో చదువుకోవాలి, లేకపోతే ఓటు వేసేవాడికి బడ్జెటు ఎలా అర్థమవుతుంది?

ఇంకొక్కటి. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారికి 1938లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ బిరుదు ఇచ్చింది. రామలింగారెడ్డి గారు వైస్ చాన్సలర్‌గా ఉన్నప్పుడు. పండితులు దశాబ్దాలపాటు ఎదిరించిన గిడుగువారికి, పండితుల కోట అనదగ్గ చోటు నుంచి ఆ గౌరవం. గిడుగు వారికి అప్పుడు డెబ్భై అయిదేళ్ళ వయసు.

ఇక చివరి సంగతి. 1949లో ఆయన వాల్తేరు వదిలారు. ఈసారి రాజీనామా కాదు, నిరసన కాదు. మైసూరు పిలిచింది. మైసూరు విశ్వవిద్యాలయానికి ప్రో చాన్సలర్‌గా రమ్మంది. 1921లో ఎక్కడి ఉద్యోగం వదిలి రాజకీయాల్లోకి వచ్చారో అక్కడికే ఇరవై ఎనిమిదేళ్ళ తరవాత తిరిగి వెళ్ళారు. ఆయన పంతులుతనం పండిన చోటు, పిల్లల కోసం బడి తలుపు తెరవమని కొట్లాడిన చోటు. మళ్ళీ మైసూరులో అడుగుపెట్టినప్పుడు ఆయనకు ఏమనిపించిందో మనకు తెలియదు. తలుపు పక్కన ఎవరైనా పిల్లవాడు నిలబడి ఉన్నాడేమోనని ఒకసారి చూసి ఉంటారని మాత్రం నేను అనుకుంటాను.

1951 ఫిబ్రవరి 24న రామలింగారెడ్డి గారు కన్నుమూశారు. రైల్లో కలిసిన ఆ అబ్బాయికి దిగేలోపు ఇంత చెప్పే వ్యవధి దొరకలేదు. బాబూ, ఎక్కడైనా రేడియో దగ్గర ఉంటే, సి అంటే కట్టమంచి.